ఉన్న అడవికి సాయం లేదు

ఆ ఏడు వానాకాలం మొదలవకముందే ప్రభుత్వం మా ఇంటికి జీపులో వచ్చింది. అంతకుముందు ఎన్నడూ రాలేదు. మేమే దాని గుమ్మం ముందు నిలబడి గొంతులు చించుకునేవాళ్లం. లోపలినుంచి ఒకడు టీ గ్లాసు పట్టుకుని వచ్చి "సారు మీటింగులో ఉన్నారు" అని తలుపేసుకునేవాడు. పెద్ద పెద్ద అడవులున్న ఆసాములకేనా సాయం, చారెడు అడవి ఉన్నవాళ్లం మనుషులం కామా అని మా సంఘం అడిగింది. సంఘం తరఫున అరిచింది నేను. అందుకే ఇంట్లో నా పేరు మైకు. అరిచి అరిచి తెచ్చుకున్న వరం ఆ జీపు. అడిగినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడను. ఆకలేస్తోందంటే అన్నం పెట్టాల్సింది పోయి, ఉన్న పళ్లు ఊడగొట్టుకుని రండి కట్టుడు పళ్లు ఇస్తామన్నారు. అందులో అడిగిన నోటి తప్పేముంది?

మా అడవి రోడ్డునుంచి వాగు దాకా దిగే ఒక వాలు, అంతే. దాన్ని ఎనిమిది వంతులుగా పెట్టుకున్నాం. ఆకు రాలిన రోజుల్లో ఏడాదికో వంతు కొడతాం. మొదలంటా కాదు. పిక్క ఎత్తులో, వాలుగా, కోసిన చోట నీరు నిలవకుండా కొడతాం. మోడు మిగులుతుంది. వాన పడగానే మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. మళ్లీ ఆ వంతు తిరిగొచ్చేసరికి ఆ పిలకలే పిడికిట్లో ఇమిడే కర్రలై ఉంటాయి. వాటితో గొడ్డలి కామలు, పార కామలు చేసి అమ్ముతాం. కొన్ని మోళ్లు మా తాతకి తాత పుట్టకముందు నుంచీ ఉన్నాయంటారు. కొట్టినకొద్దీ బతికే చెట్టు మాది.

కొట్టేది మా వదిన. చెక్కేదీ ఆమే. అన్న బండిలో వేసుకుని దుకాణాలకి తిప్పుతాడు. నేను కర్రలు మోస్తాను, మిగిలిన పొద్దంతా సంఘం పని. కాగితాల్లో మాత్రం రోడ్డు వైపు సగం అన్నది, వాగు వైపు సగం నాది. నాన్న పోయేముందు మధ్యలో హద్దు రాళ్లు పాతించాడు. వంతులు ఆ రాళ్లని దాటుకుని రోడ్డునుంచి వాగు దాకా పోతాయి. వదిన కత్తి కూడా అంతే. ఈ మోడు ఎవరిదని అది ఏనాడూ అడగలేదు.

జీపు దిగినాయన మొక్కల ఆఫీసరు. నల్లద్దాలు, కొత్త బూట్లు. అప్పుడే ఆ ఏటి వంతు కొట్టడం పూర్తయింది. మోళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన రోడ్డు అంచున నిలబడి గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎవరండీ ఈ ఘోరం చేసింది?"

"మేమే సార్. ఇది మా..." అన్నాడు అన్న.

"ఎవరు చేస్తే ఏంలెండి, నాశనం అయిపోయింది కదా. ఇలాంటి భూమి కోసమే మా పథకం. ఈ మొద్దులన్నీ పీకించేస్తాం. మొక్కలు మావి, ఖర్చు మాది. నాటినందుకు డబ్బు, కాపాడినందుకు ఏటా డబ్బు. మీరు అటవీ యజమానులు, తెలుసా?"

తెరిచిన నోరు అన్న అలాగే మూసుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. మా ఇంటిపేరు మొదలైననాటినుంచి ఎవరూ మమ్మల్ని యజమానులని పిలవలేదు. ఆ ఒక్క మాటకి మనిషి బెల్లం నీళ్లలో పడ్డ ఈగలా అయిపోయాడు.

వదిన చేతిలో కత్తితోనే ముందుకొచ్చింది. "నాశనమేంటి సార్? రెండు వానలు పడనీండి, పిలకలు లేస్తాయి."

ఆఫీసరు చిన్నపిల్లని చూసినట్టు నవ్వాడు. "ఆశ ఉండాలమ్మా, ఉండాలి" అని అన్న వైపు తిరిగాడు. "మరి మీరేమంటారు?"

అన్న ఏమన్నాడో చెప్పక్కర్లేదు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆఫీసులకి కావలసిన జవాబు.

ఆ సాయంత్రం వంటింట్లో నేను అందుకున్నాను. "ఏంట్రా అన్నా, నాలుక జీపులో పెట్టి పంపించేశావా?"

"ఆపవే. ఇంకెన్నాళ్లు ఈ కామలు? దుకాణాల్లో ఇప్పుడు ఎర్రవీ పచ్చవీ ప్లాస్టిక్కు కామలు వేలాడదీస్తున్నారు. నేను బండి ఆపితే కుక్కని అదిలించినట్టు అదిలిస్తున్నారు. ఆ పాత దుకాణం వాడు ఏమన్నాడో తెలుసా? 'ఈ కట్టెలు నీ చితికి దాచుకో' అన్నాడు."

ఆ దుకాణం వాడు మా అన్న మొహమ్మీదే అలా అని ఉంటాడు. అన్న కిక్కురుమనకుండా బండి తిప్పుకుని ఉంటాడు.

"దానికి మోళ్లు పీకించుకోవడం మందా?"

"నోరు మూసుకుంటే నాలుగు డబ్బులొస్తాయని ఇన్నాళ్లకి తెలిసింది. నువ్వు ఇన్నేళ్లు నోరు తెరిచి ఏం తెచ్చావే?"

"ఆ జీపుని తెచ్చాను" అన్నాను. అనేశాక నాకే చేదుగా తగిలింది.

వదిన అంతసేపూ పొయ్యి దగ్గర కూర్చుని కత్తి తుడుస్తోంది. "సరే గానీ, ఒక్కటి చెప్పు" అంది అన్నతో. "రోడ్డు వైపుది నీది. వాగు వైపుది మైకుది. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నేను కొట్టిందంతా ఎవరి వైపుది?"

"ఇప్పుడు ఆ లెక్కలెందుకు?"

"లెక్క కాదు, అడుగుతున్నా."

"నాది నీది కాదా ఏంటి?"

"అయితే నా దాన్ని పీకద్దంటున్నా."

అన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మగాళ్లకి జవాబు దొరకనప్పుడు చెయ్యి కడుక్కునే సౌకర్యం ఒకటుంది.

మా అడవికి ఎగువన బోర్డు మామయ్య ఉన్నాడు. ఆయన పెద్ద ఆసామి గనక పథకంలో అందరికంటే ముందు, పోయినేడే చేరాడు. రోడ్డుమీద గోడంత బోర్డు పెట్టించాడు, అందుకే ఆ పేరు. బోర్డుమీద పచ్చటి అడవి, అందులో ఒక జింక. వెనక భూమిలో వరసలు వరసలుగా ప్లాస్టిక్కు గొట్టాలు. మొక్కని మేకలు తినకుండా దాని చుట్టూ గొట్టం తొడుగుతారు. మేకలు తినలేదు నిజమే. తినడానికి లోపల ఏమీ లేదు. నేను అన్నని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఒక గొట్టంలోకి వంగి చూడమన్నాను. ఎండిన పుల్ల, ఒక సాలీడు.

"మామయ్యా, చెట్లేవి?" అని అడిగాను.

"లోపలున్నాయి."

"లోపల సాలీడుంది."

"నీకు ఓపిక లేదు మైకూ. గొట్టాలు నిలబడి ఉన్నంతకాలం డబ్బు వస్తుంది. వాళ్లు రోడ్డుమీంచే చూస్తారు, వంగి చూడరు. వంగితే నడుం పట్టేస్తుందిట, పెద్ద సారుకి." నవ్వాడు. "ఒరే అల్లుడూ, పెట్టించుకో. కూర్చోబెట్టి మేపుతారు."

దారిలో అన్న నాకంటే ముందు గబగబా నడిచాడు. భయపడ్డాడేమో అనుకున్నాను. కాదు, ఆశపడ్డాడు. చచ్చిన మొక్కకి కూడా డబ్బొస్తుందని మామయ్య చెప్పిందొక్కటే వాడి చెవికెక్కింది. నేను చూపించిన పుల్ల వాడి కంటికి ఆననే లేదు.

సంఘంవాళ్లం ఆఫీసుకి వెళ్లాం. ఈసారి తలుపు తీశారు, కుర్చీలు వేశారు. తెల్లారేసరికి మేం లబ్ధిదారులమైపోయాం మరి. మొక్కల ఆఫీసరు బల్లమీద కుండీలో ప్లాస్టిక్కు మొక్క ఉంది. అదీ దుమ్ము కొట్టుకుపోయింది.

"ఉన్న అడవిని నిలబెట్టుకోడానికి సాయం అడిగాం సార్" అన్నాను. "దాన్ని చూసుకునేవాళ్లకి ఇంత కూలి, సరుకుకి ఒక మార్కెట్టు. అంతే అడిగింది."

"ఉన్న అడవికి సాయం ఎందుకమ్మా? అది ఉందిగా."

"లేకపోతే?"

"లేకపోతే నాటుకోవాలి. నాటితే సాయం."

"అంటే ఉన్నది పీకేసి రమ్మంటారు."

"ఆ మాట నేనన్లేదు. మీరే అన్నారు."

"మోడు బతికే ఉంటుంది సార్. అది మీకు తెలియక..."

"తెలియకపోవడమేంటి?" ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. నల్లద్దాలు తీశాడు. "నేను చదువుకున్నదే అది. పిలకల అడవి మీద మీకు గంటసేపు పాఠం చెప్పగలను. ఎంత పాత పద్ధతో, వేళ్లు ఎంత లోతుకి పోతాయో అన్నీ తెలుసు. అయితే పథకంలో మోడు లేదు, మొక్క ఉంది. నేను పైవాళ్లకి మొక్కలు చూపించాలి. పిలకలు చూపిస్తే 'ఇందులో నువ్వు చేసిందేముంది?' అంటారు. నేనేం చెప్పను?"

తెలియనివాడి మీద నాకు కోపం రాదు. చెబితే తెలుసుకుంటాడు, లేకపోతే మనమే చెప్పడం నేర్చుకుంటాం. తెలిసి మాట్లాడని ఈ జాతి ఉంది చూశారూ, వీళ్ల చదువు దొంగ చేతిలో తాళంచెవి. ఆ మాట ఆయన మొహాన్నే అన్నాను. ఆయన టీ తెప్పించాడు. మా వాళ్లు తాగారు. అదీ మా సంఘం.

తొలి వాన పడ్డాక, కొట్టిన వంతుతో మొదలుపెట్టి అన్న సగమంతా పీకడానికి తవ్వే యంత్రం వచ్చింది. అప్పటికే మోళ్ల చుట్టూ ఎర్రటి చిగుళ్లు కందిగింజల్లా పొడుచుకొచ్చాయి. అన్న వాటిని చూడకుండా ఉండటానికి రోడ్డుమీద నిలబడి చెయ్యి ఊపి యంత్రానికి దారి చూపిస్తున్నాడు. డ్రైవరు పాపం పనివాడు. ఒక మోడుకి గోళ్లు తగిలించి లాగితే యంత్రమే ముందుకు ఒరిగింది. ఆపి కిందకి దిగాడు. దగ్గర్లో ఉన్నది వదిన.

"రావట్లేదమ్మా. కొండని పట్టుకుని కూర్చున్నాయి. కొన్ని తెంపేసి వదిలేయనా?"

"నన్నడక్కు బాబూ. అక్కడ నాకు సగం లేదు" అంది వదిన.

డ్రైవరుకి అర్థం కాలేదు. అన్నకి అయింది. చెయ్యి మాత్రం ఊపుతూనే ఉన్నాడు.

కామలు చెక్కే పాక అన్న వైపు, రోడ్డు పక్కన ఉండేది. యంత్రం రెండో వరసలోకి వెళ్లేసరికి వదిన పాకలోకి వెళ్లింది. చెక్కే బల్లకున్న మేకులు ఊడదీసింది. "మైకూ, ఆ చివర పట్టుకో" అంది.

"ఎక్కడికి?"

"నీ వైపుకి."

ఇద్దరం మోసుకెళ్లి హద్దు రాళ్లు దాటి వాగు వైపు దించాం. మళ్లీ వెళ్లి చిత్రిక తెచ్చుకుంది, నూరే రాయి తెచ్చుకుంది. అన్న రోడ్డుమీంచి ఇటు చూశాడు. ఆమె కాళ్లతో తొక్కి బల్ల కింద నేల చదును చేసుకుంటోంది. ఏడుపు లేదు, శాపనార్థాలు లేవు. నేను ఆ రోజు ఒక పెద్ద రభసకి సిద్ధమై వెళ్లాను, యంత్రం ముందు పడుకుందామనుకున్నాను కూడా. ఆమె ఒక బల్ల జరిపి ఊరుకుంది.

ఆ రోజునుంచీ ఇంట్లో ఒకే పొయ్యి, ఒకే కప్పు, మాటలు మాత్రం నా మీదుగా ప్రయాణం.

"మైకూ, నీళ్లు కాగాయని మీ అన్నకి చెప్పు."

"విన్నాను" అనేవాడు అన్న.

"విన్నాట్ట వదినా."

"సబ్బు అయిపోయింది, తెచ్చుకోమను."

"నేనేం తంతిపోస్టునా? పక్కనే ఉన్నాడుగా, అరిచి చెప్పు."

"అరిచే పని నీది" అనేది.

మొక్కలు లారీలో వచ్చాయి. సన్నటి కాడలు, దారి పొడవునా వాడిపోయి మెడలు వేలాడేసుకుని ఉన్నాయి. తాడు కట్టి గీత గీసినట్టు నాటించారు, గొట్టాలు తొడిగారు. అన్నకీ ఒక బోర్డు వచ్చింది. అదే జింక. బోర్డు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పలకరించినవాళ్లతో "మాది ప్లాంటేషను" అనేవాడు. కామలు చెక్కిన చేతులకి పనిలేక మోకాళ్లమీద అలా పడి ఉండేవి.

తర్వాత వానలు మొహం చాటేశాయి. లారీలో వచ్చిన మొక్కకి వేరు ఎంత? జానెడు లేదు. గొట్టం లోపల ఎండకి ఉడికిపోయాయి. హద్దు రాళ్లకి ఇటు, అదే వంతులో, అదే రోజు కొట్టిన మోళ్లమీద పిలకలు నడుం దాకా వచ్చాయి, భుజం దాకా వచ్చాయి. వాటికి వాన ఆగిన సంగతే తెలియనట్టుంది.

అసలు వింత అన్న వైపు జరిగింది. యంత్రం తెంపి వదిలేసిన వేళ్లు నేలలో చచ్చిపోలేదు. గొట్టాల వరసల మధ్య, అడ్డదిడ్డంగా, చిగుళ్లు పైకొచ్చాయి. అన్న మొహం ఒక్కరోజు వెలిగింది. మర్నాడు ఆఫీసరు వచ్చి ఆర్పాడు.

"ఇవేంటండీ ఇవి?"

"మా పాత చెట్టే సార్. వేరునుంచి వస్తోంది."

"నాటని మొక్క పథకంలో కలుపు కింద లెక్క. నాటినవాటి బలం లాగేస్తుంది. పీకేయండి. లేకపోతే రెండో విడత డబ్బు ఆగిపోతుంది, నేనేమీ చేయలేను."

"నాటినవి చచ్చాయి కదా సార్?"

"గొట్టాలున్నాయి కదండీ!"

ఇక ఆ రోజునుంచీ మా అన్నని చూడాలి. పొద్దున్నే పలుగు పట్టుకుని వెళ్లేవాడు. చచ్చిన మొక్కకి కాపలాగా బతికిన మొక్కని చంపడం ఉద్యోగం. ఒక చోట తవ్వితే ఇంకో చోట లేచేవి. మధ్యాహ్నానికి మోకాళ్లమీద పాకుతూ, మట్టి కొట్టుకుని, తన ఆస్తినే తను దొంగలా తవ్వుకునేవాడు. వదిన ఇవతల బల్లమీద కూర్చుని కామ చెక్కుతూ ఉండేది. తల ఎత్తేది కాదు. చిత్రిక చప్పుడు మాత్రం అటు దాకా వినపడేది. నేను హద్దు రాయిమీద కూర్చుని "యజమానిగారూ, పని బాగుందా?" అని అడిగేదాన్ని. జాలి చూపించాల్సింది అంటారేమో. చేతిలో ఉన్న అడవిని పీకి కుర్చీలో కూర్చున్నవాడిమీద జాలి నాకు కొంచెం ఆలస్యంగా వస్తుంది.

వానాకాలం చివర్లో పెద్ద సారు వస్తున్నాడని కబురు వచ్చింది. పథకం విజయం అని ఫోటో తీస్తారు. ఫోటో పడితేనే రెండో విడత. అన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. రెండు జీపులు వచ్చాయి. ఫోటోగ్రాఫరు అన్న వైపు భూమిని కెమెరాలోంచి ఒకసారి చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏమీ లేదు సార్. స్మశానంలా వస్తుంది."

మొక్కల ఆఫీసరు చుట్టూ చూశాడు. మా వైపు పిలకలు మనిషి ఎత్తు దాటి గాలికి ఊగుతున్నాయి. అన్నని పక్కకి లాగి ఏదో చెప్పాడు. అన్న తల వంచుకుని రాళ్ల దగ్గరకి వచ్చాడు.

"ఏమే మైకూ, ఒక్క ఫోటో. వెనక కాస్త పచ్చగా ఉండాలిట."

"గాడిద గుడ్డు" అన్నాను. "నీ జింకని నిలబెట్టుకో వెనక."

ఈలోగా వాళ్లు అడగకుండానే రాళ్లు దాటి లోపలికి వచ్చేశారు. వదిన ఆ పొద్దు పిలకలు పలచన చేస్తోంది. ఒక్కో మోడుకి గట్టివి నాలుగైదు ఉంచి, బక్కవి కోసేస్తే ఉన్నవి నిటారుగా బలుస్తాయి. ఆమె వంగి కోస్తూనే ఉంది. ఫోటోగ్రాఫరు చెయ్యి ఊపాడు.

"అమ్మా, మీరు కొంచెం పక్కకి తప్పుకోండి. కత్తి పడుతోంది ఫోటోలో. అడవి ఫోటోలో కత్తి బాగుండదు."

వదిన తర్వాతి మోడుకి జరిగింది.

"ఇంకా పక్కకమ్మా. అసలు మీరే కనపడకూడదు."

పెద్ద సారు అన్న భుజంమీద చెయ్యి వేశాడు. "శభాష్! ఒక్క సీజనులోనే ఇంత ఎత్తా! ఎలా నాటారయ్యా?"

అన్న వదిన వెళ్లిన వైపే చూస్తున్నాడు. మొక్కల ఆఫీసరు దగ్గాడు.

"నాటలేదు సార్" అన్నాడు అన్న.

"ఆఁ?"

"ఎవరూ నాటలేదు. మా ఆవిడ కొట్టింది. అందుకే ఇలా వచ్చింది. అటు వైపుదీ ఆవిడ కొట్టిందే సార్. అది నేను పీకించాను."

"పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డాడు సార్" అన్నాడు మొక్కల ఆఫీసరు. పెద్ద సారు పెద్దగా నవ్వి, "మంచి హాస్యం ఉంది మనిషిలో" అని కెమెరా వైపు తిరిగాడు. ఫోటో తీసుకున్నారు. ఇద్దరు ఆఫీసర్లు, వెనక మా పిలకలు. మధ్యలో అన్న కోసం ఉంచిన చోటు ఖాళీగా పడి ఉంటుంది. అన్న అప్పటికే రాళ్లు దాటేశాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఆఫీసు గోడమీద ఉంది, కింద పథకం పేరు బంగారు అక్షరాలతో. రెండో విడత రాలేదు. హాస్యానికి డబ్బివ్వరు.

జీపులు వెళ్లాక అటు చూశాను. అన్న ఉతికిన చొక్కాతోనే నేలమీద కూర్చుని గొట్టాలు పీకుతున్నాడు. పీకినవాటిని ఒక పక్కకి విసురుతున్నాడు. నాలుక చివర చాలా మాటలున్నాయి నాకు, ఒక వానాకాలమంతా దాచినవి. వాణ్ని వదిలిపెట్టే ఉద్దేశం కూడా లేదు. లేచి రాళ్ల దాకా వెళ్లాను. నాకంటే ముందు వదిన వెళ్లింది.

ఆమె వాడి నెత్తిమీద నిలబడింది. కత్తి చేతిలోనే ఉంది. నేల నాలుగు వైపులా చూసింది. అన్న పలుగుకి దొరకకుండా తప్పించుకున్న చిగుళ్లు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి ఉన్నాయి.

"ఎన్ని మిగిల్చావు?" అంది.

"చూడాలి" అన్నాడు అన్న. చేతులతో మట్టి పక్కకి తోశాడు. "ఇదిగో, ఇది బతికింది."

వదిన వంగి చూసింది.

"అది గడ్డి" అంది. "జరుగు ఇటు."